అంచు పగలని రొట్టె

1964 వేసవి సెలవులవి. నిజామాబాద్‌లో బడిపంతులు భోజన్న పొద్దున్నే పెట్టె సర్ది, "బోధన్‌ల అక్క యాదిజేస్తున్నది, నాలుగొద్దులు ఉండి వద్దాం" అన్నాడు. ఊరి ప్రయాణమంటే ఎగిరి గంతేసే అతని భార్య వసంతమ్మకు ఈసారి గుబులు పుట్టింది.

గోధుమ ఏ రూపంలో లోపలికి పోయినా ఆమె కడుపు తిరగబడుతుంది. ముట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇంట్లో అన్నం, జొన్నరొట్టెలతో గడిచిపోతుంది. చుట్టాలింట్లోనే చిక్కు. ఇంటికొచ్చినవాళ్లకు పూరీలు, పోలెలు పెట్టకపోతే మర్యాద కాదాయె!

అత్త హన్మవ్వ అంతకంటే పెద్ద చిక్కు. "గోధుమలు తింటె రోగమొస్తదా? నా జన్మల వినలె. అన్నీ నఖరాలు" అని వాకిలి ఊడుస్తూ వినబడేలా అంది.

వసంతమ్మకు ఏడుపొచ్చింది. రోగాన్నైనా ఓర్చుకోవచ్చు గాని, అత్త నమ్మకపోవడాన్ని ఓర్చుకోలేకపోయింది.

అత్తతో సహా ముగ్గురూ బోధన్‌లో దిగితే, చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్ దగ్గర ఆడపడుచు గంగుబాయి నవ్వుతూ ఎదురొచ్చింది. కూర్చున్నారో లేదో, పూర్ణం పెట్టి చేసిన పోలెలు పళ్లెం నిండా తెచ్చింది.

"గోధుమపిండి నాకు పడది వదినె" అంది వసంతమ్మ నసుగుతూ.

గంగుబాయి ముఖం చిన్నబోయింది. "తెల్లారకముందే లేచి చేసిన. మా ఇంటి తిండి నీకు చేదయ్యిందా?"

భోజన్న ఎంతో నచ్చజెబితే, మూతి ముడుచుకునే వంటింట్లోకి పోయింది. కాసేపటికి వంకాయకూర, రొట్టెలు తెచ్చి పెట్టింది. "ఇగో, జొన్నరొట్టెలు. గిప్పుడన్న తిను."

వసంతమ్మకు ప్రాణం లేచొచ్చింది. మెత్తటి ముక్క తుంచి నోటిదాకా తెచ్చింది.

"ఆగు!" హన్మవ్వ ఆ ముక్కను లాగేసుకుంది.

"అవ్వా, తినేదాన్ని గుంజుకుంటవా?" భోజన్నకు కోపం ముంచుకొచ్చింది.

హన్మవ్వ పళ్లెంలోని రొట్టెను చేతిరుమాలులా మడతపెట్టింది. అది విరగలేదు, అంచు కూడా పగల్లేదు.

"గంగూ, జొన్నరొట్టె గిట్ల మడత పడ్తదా? ఏం కలిపినవ్?"

గంగుబాయి తడబడింది. "పిడికెడు గోధుమపిండి, అవ్వా. చుట్టాలకు ఉత్త జొన్నరొట్టె ఎట్ల పెడ్తం? మెత్తగ ఉండాలెనని..."

"నీ మర్యాద పాడుగాను! పోయిన దసరకు గింత ముక్క తిని పిల్ల మంచం దిగలె. నేను సూసిన."

వసంతమ్మ తెల్లబోయింది. అప్పుడు తన గది గడప దాటి లోపలికైనా రాలేదే అత్త! "మరి నఖరాలంటివి కద అత్తమ్మ?"

"నోరు ఊకుండక అన్నది. కండ్లు లేవా నాకు?"

హన్మవ్వ కొంగు బిగించి వంటింట్లోకి నడిచింది. కూతురి చేత రొట్టెలు కాల్చే పెంక, పళ్లెం కడిగించి, ఉత్త జొన్నపిండి పిసికి తానే రొట్టె కొట్టింది. సిగ్గుపడిన గంగుబాయి మిగిలిన పూర్ణం ఆ వేడి రొట్టె మీద పరిచి, నెయ్యి వేసింది. "వసంతా, నీకు మా ఇంటి పోలె గిదే" అంది.

ఒక ముక్క నోట్లో పెట్టుకోగానే వసంతమ్మ కళ్లు నిండిపోయాయి.

"ఏందే, కండ్లల్ల నీళ్లు? ఇదిగూడ పడలేదా?" హన్మవ్వ కంగారుగా వంగి చూసింది.

"పడ్డది అత్తమ్మ, ఇంకోటి కావాలె."

హన్మవ్వ ముసిముసిగా నవ్వుకుని ఇంకో రొట్టె కొట్టింది. దాని అంచు నిండా పగుళ్లే.