మూడో పైపు కూడా బిరుసే

ఉదయం కాఫీ గ్లాసులు కడగకముందే ఆ ఇంట్లో పైపు గొడవ మొదలైంది.

"ఇదీ బిరుసే. వెనక్కి పంపించెయ్" అన్నాడు తండ్రి, షెడ్డులోంచి నల్లటి పైపు తెచ్చి వసారాలో పడేసి.

"ఇది మూడోది నాన్నా. ఆ పైపుల కొట్టాయన నా గొంతు వింటేనే ఫోను పెట్టేసేలా ఉన్నాడు."

"పెట్టేయనీ. రబ్బరు అమ్ముతున్నాడా, రోకళ్ళు అమ్ముతున్నాడా?"

ఆయన పాత పెట్రోలు పంపుల మెకానిక్కు. ఏ బంకులోనో మూలపడి, తుప్పు పట్టి, అద్దం పగిలిన పంపును తెచ్చుకుని మళ్ళీ ప్రాణం పోస్తాడు. కొనుక్కున్నవాళ్ళు హోటలు ముందో, పాత కార్ల పక్కనో నిలబెట్టుకుంటారు. ఇంటి వెనక రేకుల షెడ్డు నిండా పంపులే. చుక్క పెట్రోలు లేని బంకు అని వీధిలో వాళ్ళ వేళాకోళం. రంగులు వేయడం, ఫోన్లు మాట్లాడడం కూతురి వంతు. పోయిన నెలలో స్కూలు ఉద్యోగం కూడా వదిలేసి, "ఇక పూర్తిగా పని నేర్చుకుంటాను నాన్నా" అని షెడ్డులో చేరిపోయింది. ఆ రోజు ఆయన ఆనందానికి పట్టపగ్గాలు లేవు. ఆ తరవాత మాత్రం ఒక్క పనీ నేర్పలేదు. ఈ పంపు అవనీ, తరవాత చూద్దాం అంటూ నెట్టుకొస్తున్నాడు.

పైపు దగ్గర ఆయన మొదటినుంచీ చాదస్తుడే. పాతది పైకి ఎంత నిగనిగలాడినా మళ్ళీ పెట్టడు, లోపల రబ్బరు పొడిపొడిగా రాలిపోతుంది కనక. కొత్తది పంపు వయసుకు తగ్గట్టు నూలు అల్లికతో ఉండాలి, నేలకు తగలకుండా సాఫీగా వంపు తిరగాలి. "ఊరికే చూడ్డానికే కదండీ, తోటకి నీళ్ళు పెట్టే పైపు తగిలిస్తే పోలా" అన్న ఒకాయనను, "సూటు తొడుక్కుని కాళ్ళకి హవాయి చెప్పులు వేసుకుంటారా మీరు" అని అడిగాడు. అంచేత ఆయన బిరుసంటే బిరుసే. ఆ మాట పట్టుకునే కూతురు కొట్టాయనను రెండుసార్లు కడిగేసింది.

తండ్రి బజారుకు వెళ్ళాక ఆమె అట్టపెట్టె తెచ్చి పైపును చుట్టబోయింది. అది బుద్ధిగా వంగింది. ఇంకాస్త బిగించి చుట్టినా ఒదిగిపోయింది. అనుమానం వచ్చి షెడ్డులోకి వెళ్ళి, నిరుడు ఆయన మెచ్చి బిగించిన పైపును వంచి చూసింది. దానికంటే ఇదే మెత్తగా ఉంది.

"అమ్మా, ఒకసారి ఇది వంచు."

గుమ్మంలో నిలబడ్డ తల్లి పైపు వంక చూడలేదు. "నేను వంచి చూడక్కర్లేదు లేవే" అంది.

"అంటే?"

"మీ నాన్న చొక్కాకి గుండీలు ఎవరు పెడుతున్నారనుకున్నావు?"

తల్లి మెల్లగా చెప్పింది. "నరాల డాక్టరుకి చూపించాం. రెండు చేతులూ మొద్దుబారిపోతున్నాయట. పోయింది తిరిగి రాదన్నాడు. ఉన్నది ఎన్నాళ్ళుంటుందో కూడా చెప్పలేనన్నాడు. నీకు చెప్పొద్దని నా నోరు కట్టేశారు."

తండ్రి వచ్చాడు. సంచి ఎప్పటిలా మోచేతికి వేలాడుతోంది. అదెందుకో కూతురికి ఇవాళ అర్థమైంది.

"పైపు మెత్తగానే ఉంది నాన్నా."

"పైపుల సంగతి నీకేం తెలుసు?"

"తెలీదు. నేర్పుతావనేగా అన్నీ మానుకుని వచ్చాను. ఉద్యోగం వదిలేముందు ఒక్క మాట చెప్పలేకపోయావా? పాపం ఆ కొట్టాయనను నోటికొచ్చినట్టు తిట్టాను. నా కళ్ళముందే ఇద్దరూ కలిసి నాటకమాడారు."

ఆయన భార్య వంక చూశాడు. "చెప్పేశావా?"

"నేను చెప్పేలోపే పైపు చెప్పింది" అంది ఆవిడ.

ఆయన సంచి దించి కూర్చున్నాడు. "నువ్వు వస్తానన్న రోజే చెబుదామనుకున్నానమ్మడూ. నా తరవాత కూడా ఈ షెడ్డు తలుపులు తెరుచుకుంటాయని సంబరపడ్డాను. ఒక్కరోజు ఆ సంబరం ఉంచుకుందామనుకున్నా. ఒక్కరోజు కాస్తా నెలయింది. మొదటి పైపు నిజంగా బిరుసనే అనుకున్నాను తల్లీ. రెండోదానికి తెలిసింది, బిరుసు నా చేతుల్లోదని. మూడోదేమో... అదైనా మెత్తగా తగలకపోతుందా అని ఆశ."

ఆమె కోపమంతా ఏడుపైపోయింది. చొక్కా పట్టుకుని లేపింది. "పద. నువ్వు చెప్పు, నేను చేస్తాను. పైపు ఇవాళే బిగిద్దాం."

ముగ్గురూ షెడ్డులోకి వెళ్ళారు. పైపు చివరి ఇత్తడి నట్టును పంపుకు ఆనించమన్నాడు. "ముందు వెనక్కి తిప్పు. మర కూర్చున్నట్టు టక్కుమంటుంది. అప్పుడు ముందుకి."

టక్కుమంది. తల్లి మొహంలోకి కాస్త వెలుగు వచ్చింది.

"ఇప్పుడు పానాతో బిగించు. ఇత్తడి సుకుమారం, ఎక్కువైతే పగులుతుంది. తక్కువైతే పైపు బరువుకి ఊడుతుంది."

"మరి ఎంత బిగించాలి?"

"చాలనిపించేదాకా."

"ఎలా ఉంటే చాలనిపిస్తుంది నాన్నా?"

ఆయన చెప్పబోయి ఆగిపోయాడు. మళ్ళీ ప్రయత్నించాడు. అది ఇన్నేళ్ళూ చేతికి తెలిసిన సంగతి. నోటితో చెప్పాల్సిన అవసరం ఆయనకు ఎన్నడూ రాలేదు. చివరికి కూతురి వెనకగా వచ్చి, పానా పట్టుకున్న ఆమె చేతి మీద తన చెయ్యి వేసి, కళ్ళు మూసుకున్నాడు.

"కొంచెం తిప్పు."

తిప్పింది.

"ఇంకాస్త."

ఇంకాస్త తిప్పింది. "చాలా నాన్నా?"

తల్లి పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెప్పు నాన్నా."

"అమ్మడూ" అన్నాడు ఆయన, కళ్ళు తెరవకుండానే. "నా చెయ్యి నీ చేతి మీదే ఉందా?"

"ఉంది నాన్నా" అంది కూతురు. "నా చేతి మీదే ఉంది."