వెళ్లమన్నది ఎవరు

ఆ ఉదయం పెద్దకోడలి మరిది చేతుల్లోంచి టీ కప్పు జారి వంటింటి గడప దగ్గర పగిలింది. ఇంట్లో ఎవరూ ఉలిక్కిపడలేదు. నాలుగు నెలలుగా అది మామూలే. చలికి చచ్చుబడిన వేళ్లు తీసేయగా అతని కుడిచేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది, ఎడమచేతికి రెండు. కప్పుని అరచేతుల మధ్య ఇరికించుకుని ఎత్తడం ఇంకా పట్టుబడలేదు.

చిన్నకోడలు చీపురు తెచ్చి మొగుడి కాళ్ల దగ్గర పెంకులు ఊడ్చింది. కుర్చీలో కూర్చున్న అత్తగారు గోడతో చెబుతున్నట్టు గొణిగింది.

"పెద్దవాళ్లు వద్దన్నప్పుడు ఆగాలి. ఆగకపోతే ఇదిగో, ఇలాగే ఉంటుంది బతుకు."

పెద్దకోడలు స్టవ్ దగ్గర నుంచి వెనక్కి తిరిగింది. తిట్టకూడదని రోజూ అనుకుంటుంది. రోజూ ఆ చేతులు చూడగానే నోరు ఊరుకోదు.

"ఎన్నిసార్లడిగినా చెప్పవేం బల్లీ? సాయంత్రం పూట, మబ్బు కమ్ముకొస్తుంటే, ఆ మంచుకొండ గట్టు మీదికి నిన్నెవరు వెళ్లమన్నారు?"

అతను నవ్వాడు. "బుద్ధి గడ్డి తింది వదినా. ఇంకో కప్పు పోసిపెట్టు. ఈసారి స్టీలుది."

బల్లి అన్న పేరు పెట్టింది ఆవిడే. ఆవిడ ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి అతనికి పదకొండేళ్లు. అన్నం తినమని పిలిస్తే నీళ్ల గొట్టం పట్టుకుని డాబా మీద నుంచి దిగొచ్చేవాడు. మోకాళ్లు గీరుకుంటే మందు రాసింది, పెద్దయ్యాక మొదటి కొండకి బయలుదేరినప్పుడు సంచి సర్దింది. తర్వాత అదే ఇంటిల్లిపాదికీ పని అయింది. అన్న కెమెరా పట్టుకునేవాడు, తమ్ముడు ముందు ఎక్కి తాళ్లు కట్టేవాడు, చిన్నకోడలు ప్రయాణాలూ తిండీ అనుమతి కాగితాలూ చూసేది. పెద్దకోడలు ఇంట్లోనే, కింది గదిలో కూర్చుని, వాళ్లు తెచ్చిన బొమ్మలన్నీ కలిపి సినిమా చేసేది. ఏడు సినిమాలు చేశారు. ఇది ఎనిమిదోది. పది రోజుల్లో ప్రదర్శనకి పంపాలి.

టిఫిన్లయ్యాక పెద్దకోడలు కిందికి దిగి పనిలో కూర్చుంది. కాసేపటికి తలుపు దగ్గర చిన్నకోడలు నిలబడి ఉంది. తెర మీద మంచు గట్టు, దాని మీద ఒంటరిగా ఒక మనిషి. ఆ దృశ్యం వెనక పెద్దకోడలి గొంతే వినిపిస్తోంది: 'అన్న హెచ్చరికను లెక్కచేయకుండా అతను బయలుదేరాడు.'

"అక్కా, ఆ వాక్యం తీసెయ్యి."

"ఎందుకు? జరిగిందే కదా."

"నువ్వు చూశావా?"

"మీ బావగారు చూశారు. నీ మొగుడు కాదనలేదు."

"కాదనడు. ఆసుపత్రిలో కట్లు విప్పుతుంటే వార్డంతా వినబడేలా అరిచిన మనిషి, ఈ మాట అడిగితే మాత్రం గోడ వైపు తిరిగి పడుకుంటాడు. ఎందుకో నాకు తెలీదు." చిన్నకోడలు గదిలోకి వచ్చి కూర్చోకుండానే మాట్లాడింది. "కొండలెక్కడం నేర్పించే బడి వాళ్లు పిలిచారు. వేళ్లు లేకపోయినా ఫరవాలేదు, నోటితో నేర్పితే చాలన్నారు. రేపు ఈ సినిమా చూశాక, చెప్పిన మాట విననివాడి చేతికి పిల్లల్ని ఎవరు అప్పగిస్తారు? ఆయనకి మిగిలింది ఆ ఒక్క దారి అక్కా. దాన్నీ మూసేస్తావా?"

పెద్దకోడలికి చుర్రుమంది. కొడుకులా పెంచినవాడి మీద తనకేదో కక్ష ఉన్నట్టు మాట్లాడటమేమిటి?

"నేను అబద్ధాలు పెట్టను. కావాలంటే నీ చెవులతోనే విను. వాడి కోటుకి మైకు తగిలించే ఉంది ఆ రోజు."

ఆ రోజు శబ్దాన్ని భర్త కంప్యూటర్లో విడిగా ఒక మూల దాచిపెట్టి, 'గాలి మోత తప్ప ఏమీ లేదు, దాని జోలికి పోకు' అని చెప్పాడు. ఆవిడ పోలేదు. ఇప్పుడు దాన్ని వెతికి తెరుస్తుంటే భర్త వైర్ల చుట్ట భుజానికి తగిలించుకుని లోపలికొచ్చాడు. తెర చూసి ఆగిపోయాడు.

"అదెందుకిప్పుడు?"

"నీ మరదలికి సాక్ష్యం కావాలట."

"వద్దు. కట్టెయ్యి. నా మాట విను."

అతని గొంతులో కంగారు చూసి చిన్నకోడలు ముందుకొచ్చింది. "వినిపించు అక్కా."

మొదట నిజంగానే గాలి. గుడారం గుడ్డ టపటపలాడుతోంది. తర్వాత భర్త గొంతు.

'మీ వదిన మెసేజ్ పెట్టింది రా.'

'ఏమంటోంది?'

'నువ్వొక్కడివే గట్టు మీద నడిచే షాట్ లేదట. సాయంత్రం వెలుతురులో కావాలట. అది లేకపోతే సినిమాకి ముగింపే లేదంటోంది.'

'పైన మబ్బు పట్టింది అన్నయ్యా.'

'వద్దులే. కుదరలేదని రాసేస్తాను.'

చాలాసేపు గాలి. ఆ తర్వాత జిప్పు లాగిన చప్పుడు.

'వదిన ఊరికే అడగదు. ఒక్క అరగంట. ఎక్కొచ్చేస్తాను. నువ్వు కింద నుంచి కెమెరా పెట్టు.'

పెద్దకోడలి చెయ్యి మీట మీద ఉంది గానీ ఆపాలన్న సంగతి తోచలేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ పదిహేను రోజుల్లో ఆవిడ పంపిన నలభై మెసేజుల్లో అదొకటి. ఈ కుర్చీలోనే, కాళ్ల మీద దుప్పటి కప్పుకుని, వేడి టీ తాగుతూ రాసింది. రాసి పంపి, మర్చిపోయింది. అక్కడ వాతావరణం ఎలా ఉందని ఒక్క ముక్క అడగలేదు.

"నీకు తెలుసు," అంది భర్తతో.

"వాడే చెప్పొద్దన్నాడు. మంచుగాలిలో చిక్కుకున్నవాణ్ణి చేతులకి గుడ్డలు చుట్టి కిందికి మోసుకొస్తుంటే, 'వదినకి తెలిస్తే మళ్లీ ఆ గదిలో కూర్చోలేదు, నేనే వెళ్లానని చెప్పు' అన్నాడు. నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? ఒకసారి వద్దన్నాను. రెండోసారి అనలేదు. నాకూ ఆ షాట్ కావాలనిపించింది."

"నాలుగు నెలలు," అంది ఆవిడ. "పొద్దున్నే లేచి వాణ్ణి, నిన్నెవరు వెళ్లమన్నారని అడుగుతుంటే, పక్కన కూర్చుని ఇడ్లీ తింటూ ఊరుకున్నావా? నన్ను కాపాడుతున్నామనుకున్నారా మీరు? మీ మంచితనంతో నన్నెంత హీనురాలిని చేశారో తెలుసా?"

భర్త తల వంచుకున్నాడు. మాట్లాడింది చిన్నకోడలు. ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండేదనిపించింది పెద్దకోడలికి.

"మీ అన్నదమ్ములిద్దరూ కలిసి అక్కని కాపాడుకున్నారు. బాగుంది. ఆయనకి చొక్కా గుండీలు పెట్టేది నేను. అన్నం కలిపి పెట్టేది నేను. అత్తగారు 'నీ మొగుడి మొండితనం' అన్నప్పుడల్లా తల దించుకున్నదీ నేనే. ఒక్కోరోజు నేనూ తిట్టాను ఆయన్ని, నా బతుకు బుగ్గిచేశావని. ఆ మాటలు ఎవరు వెనక్కి తీసుకుంటారు బావగారూ?"

పెద్దకోడలు లేచి మెట్లెక్కింది. మిగతా ఇద్దరూ వెనకే వచ్చారు.

పైన మరిది కిటికీ దగ్గర కూర్చుని, తాడు కొసని పళ్లతో పట్టుకుని ముడి వేయడం సాధన చేస్తున్నాడు. అత్తగారు పక్కనే బట్టలు మడతపెడుతోంది. ముగ్గురి ముఖాలూ చూడగానే అతను తాడు వదిలేశాడు.

"అత్తయ్యా," అంది పెద్దకోడలు, "వాడు ఎవరి మాటా వినలేదని రోజూ అంటారుగా. విన్నాడు. నా మాట విన్నాడు. ఆ గట్టు మీదికి వెళ్లమన్నది నేను."

అత్తగారి చేతిలో మడత సగంలో ఆగిపోయింది. కోడలి వంక, పెద్దకొడుకు వంక చూసింది. తర్వాత చిన్నకొడుకు చేతులు తన ఒళ్లోకి తీసుకుని, ఆ మొండి వేళ్లని నిమురుతూ ఉండిపోయింది.

"అన్నయ్య చెప్పాడా?" అన్నాడు మరిది.

"నీ గొంతే చెప్పింది. ఎందుకు దాచావురా?"

"ఏం చెప్పమంటావ్? నువ్వు అడిగావు, నిజమే. కాదనే నోరు నాకూ ఉంది కదా. నలభై సినిమాలు తీసినా అలాంటి వెలుతురు మళ్లీ దొరకదనిపించింది. వెళ్లాను." అతను భార్య వైపు తిరిగాడు. "నీకు చెప్పాల్సింది. తప్పు చేశాను."

"చేశావు," అంది ఆమె.

సినిమా పది రోజుల్లోనే వెళ్లింది. గట్టు దృశ్యం దగ్గర పెద్దకోడలు తన వ్యాఖ్యానం తీసేసి, గుడారంలో మాటలన్నీ ఒక్కటీ కత్తిరించకుండా పెట్టింది. భర్త వద్దనలేదు. చూసినవాళ్లు ఆవిడ్ని ఏమన్నారో కొన్ని ఆవిడ చెవిదాకా వచ్చాయి, ఇంకొన్ని రాలేదు. బడి వాళ్లు మాత్రం మరిదిని రమ్మన్నారు. అక్కడికి దగ్గర్లో రెండు గదుల ఇల్లు చూసుకుంది చిన్నకోడలు. 'ఇక్కడే ఉండండి, రోజూ వెళ్లిరావచ్చు' అని అత్తగారు రెండుసార్లు అడిగి, ఆమె ముఖం చూసి మూడోసారి అడగలేదు.

వెళ్లే రోజు అన్నదమ్ములిద్దరూ వీధిలో బండి దగ్గర ఉన్నారు. పైన మిగిలింది బట్టల పెట్టె ఒక్కటే. చిన్నకోడలు దాన్ని మెట్ల దాకా లాగి ఆగింది. పెద్దకోడలు గుమ్మంలో నిలబడి ఉంది. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా ఉప్పు, చింతపండు మాటలే తప్ప వేరే మాటల్లేవు.

"ఒకటి అడగనా?" అంది పెద్దకోడలు.

"క్షమించమని మాత్రం అడక్కు అక్కా. అడిగితే సరేననాలి. ఆ మాట ఇంకా నా నోటికి రావడం లేదు."

"ఎప్పటికైనా వస్తుందా?"

"తెలీదు." చిన్నకోడలు పెట్టె మీద చెయ్యి వేసింది. "వచ్చి పోతూ ఉండు. వదిన వస్తే ఆయన రెండు ముద్దలు ఎక్కువ తింటాడు. నేను నీతో సరిగ్గా మాట్లాడకపోయినా ఏమీ అనుకోకుండా వచ్చి పో."

పెద్దకోడలు తలూపింది.

"ఆ కొస పట్టుకో. ఒక్కదాన్నే దించలేను."

పెద్దకోడలు వెళ్లి కింది వైపు పట్టుకుంది. బరువంతా ఆ వైపే పడుతుందని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఒక్కో మెట్టూ దిగారు. వెనక్కి నడుస్తున్న పెద్దకోడలికి కళ్లలో నీళ్లు నిండి, ఎదురుగా ఉన్న మనిషి మసకబారింది. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"మెట్టుంది, జాగ్రత్త," అంది చిన్నకోడలు.