అడ్వాన్సు కాగితంలో తడి అడుగులు

"నాలుగు, దొడ్డి తలుపు గడియ బిగుతు. అయిదు, పొద్దుగూకే వేళకి నడవాలో తడి అడుగులు పడతాయి. ఇవన్నీ ముందునుంచీ ఉండేవే, బాడుగకొచ్చినోళ్ల తప్పు కాదు. సంతకం పెట్టండి," అంది బాడుగ ఇంటి జాబితా రాస్తున్న పిల్ల.

హెబ్రోను కలం మూత తీసి ఆగిపోయాడు. ఉప్పు నిలవచేసే కొటారులో గుమాస్తా పనికని ఆ పొద్దునే జువ్వలదిన్నెలో బస్సు దిగాడు. అడ్వాన్సు కట్టి, రసీదు పుచ్చుకుని, హాయిగా నడుం వాల్చాలన్నది అతని ఆలోచన.

"అడుగులా? ఎవరివండీ?"

"ఎవరివైతే మీకేంది? గచ్చు పాడుచేసినారని రేపు మా అవ్వ మీ అడ్వాన్సులో కోత పెట్టకూడదు గదా. మీ మంచికే రాస్తుండా."

"దయ్యాన్ని జాబితాలో రాసే ఇంటివాళ్లని ఇప్పుడే చూస్తున్నాను."

"ముందొచ్చినోళ్లు, చెప్పలేదని తగాదా పెట్టుకున్నారు. అందుకే."

ఆ రాసే పిల్ల పేరు ఆనందకుమారి. ఇంటి యజమానురాలు మగ్దలీనమ్మకి మనవరాలు. అవ్వా మనవరాలూ పక్క వాటాలోనే ఉంటారు. అయిదో నంబరు మళ్లీ చదువుకోవలసిన హెబ్రోను కాస్తా, చెవి వెనక్కి జుట్టు తోసుకుంటున్న ఆ పిల్లని చూస్తూ సంతకం పెట్టేశాడు.

సాయంత్రం వాన పట్టుకుంది. లాంతరు వెలిగిస్తుంటే తడి వలల వాసన ఇంట్లోకి వచ్చింది. గడప లోపల, గచ్చు మీద, ఒక పాదం ముద్ర పడింది. దాని ముందు ఇంకొకటి. వేళ్లు ఎడంగా, పడవ మీద బతికిన మనిషి పాదాలు. చప్పుడు లేదు, మనిషి లేడు. అడుగులు నడవా పొడుగునా నడిచి గోడ దగ్గర ఆగిపోయాయి. ఆరాక అక్కడ తెల్లగా ఉప్పు మిగిలింది.

"పడినాయా?" అంది పొద్దున ఆనందకుమారి, పిట్టగోడ మీదుగా మజ్జిగ చెంబు అందిస్తూ.

"అయిదో నంబరు సరిగ్గానే ఉందండీ."

ఆమె నవ్వబోయి మానేసింది. "మీరూ పోతే అవ్వ ఈ ఇల్లు అమ్మేస్తుంది. నన్ను మద్రాసులో పిన్నమ్మ దగ్గరికి పంపిస్తుంది. నాకు ఈ ఊరు వదలాలని లేదు."

ఇక అతనేం పోతాడు? రోజూ సాయంత్రం గుండె చిక్కబట్టుకుని కూర్చున్నాడు. రోజూ పొద్దున మజ్జిగ కోసం ఎదురు చూశాడు. భయమూ ప్రేమా ఒకే ఇంట్లో కాపురం పెట్టాయి.

ఆదివారం సాయంత్రం అడుగులు గోడ దాకా వెళ్లలేదు. మధ్యలో పక్కకి తిరిగి అతని మంచం దగ్గరికి వచ్చాయి. వేళ్లు అతనివైపే ఉన్నాయి. పైనుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారి, ఆ పాదాల చుట్టూ మడుగు కట్టింది.

హెబ్రోను కాగితం పట్టుకుని పక్క వాటాలోకి పరిగెత్తాడు. "ఇది ఇందులో లేదండీ."

సంగతి విని ఆనందకుమారి మొహం పాలిపోయింది. అప్పుడు చెప్పింది. పోలేరయ్య అని, ఆ ఇంట్లో మొదట బాడుగకున్నవాడు. ఖాళీ చేయాల్సిన రోజు పొద్దున సముద్రం మీద చేపల వేటకి పోయినాడు. పడవ వచ్చింది, అతను రాలేదు. వాళ్లమ్మ వచ్చి అడ్వాన్సు అడిగితే, కట్టినవాడి వేలిముద్ర పడాల్సిందే అని అవ్వ పట్టుబట్టింది. ఇప్పుడు ఆ తల్లీ లేదు. డబ్బు మూట అవ్వ పెట్టెలోనే ఉంది.

"అంటే ఆయన ఇంకా ఖాళీ చేయలేదు," అన్నాడు హెబ్రోను. "ఒకే ఇంటికి ఇద్దరం అడ్వాన్సు కట్టాం. నువ్వెవడివని అడుగుతున్నాడు నన్ను."

మర్నాడు దీపాలు పెట్టే వేళకి, వాన పడుతుండగా, అవ్వ గొణుక్కుంటూనే మూట తెచ్చింది. 'ఇల్లు ఖాళీ చేసి అడ్వాన్సు పుచ్చుకున్నాను' అని హెబ్రోను రసీదు రాసి, రెవెన్యూ స్టాంపు అంటించి, మూటతోపాటు గోడవార పెట్టాడు. ముగ్గురూ ఎదురుగా కూర్చున్నారు.

అడుగులు వచ్చాయి. రసీదు ముందు ఆగాయి. గాలి లేదు, అయినా కాగితం అంచు లేచింది. స్టాంపు మీద తడి మరక ఒకటి మెల్లగా పరుచుకుంది. ఆనందకుమారి గభాలున హెబ్రోను చెయ్యి పట్టుకుంది. పాదాలు వెనక్కి తిరిగాయి. ఇన్నాళ్లకి మొదటిసారి వేళ్లు వాకిలివైపు పెట్టి, గడప దాటి వానలోకి వెళ్లిపోయాయి. గోడవార మూట లేదు.

తడి ఆరేసరికి స్టాంపు మీద ఉప్పుతో బొటనవేలి గీతలు తేలాయి. వాటికి అడ్డంగా గాటు ఒకటి. అవ్వ పెట్టెలోంచి పాత అడ్వాన్సు కాగితం తెచ్చి పక్కన పెట్టింది. పోలేరయ్య అప్పుడు వేసిన ముద్రలోనూ అదే గాటు.

"ఆ తల్లి చేతిలో పెట్టుంటే సరిపోయేది," అంటూ అవ్వ ఏడ్చింది. "నేనే మొండికేసినా."

కళ్లు తుడుచుకుని తలెత్తింది. మనవరాలి చెయ్యి ఎక్కడుందో చూసింది.

"అబ్బాయా, నీ అడ్వాన్సు కూడా తీసుకుపో."

హెబ్రోను గబగబా అడ్డుపడ్డాడు. "నేను ఖాళీ చేయనండీ. ఆనందకుమారి లేకుండా నేనెక్కడికీ పోను."

"పొమ్మన్నదెవరు? ఇంటి అల్లుడి దగ్గర అడ్వాన్సు పుచ్చుకున్నానంటే ఊళ్లో నవ్వరూ? అయినా రసీదు రాసియ్యి. మాట మీద వదిలేది లేదు."

ఆనందకుమారి కాగితం అతని ముందుకి జరిపింది. "రాయండి మరి," అంది తల వంచుకుని.

రాయడానికి అతనికి అభ్యంతరం లేదు. కుడిచెయ్యే ఆమె ఇంకా వదలలేదు.