మంత్రదండం పోయిన మాయాదర్పణం

మందరగిరి రాజ్యానికి వచ్చిన కష్టం వరద కాదు, కరువు కాదు, పొరుగు రాజు దండెత్తి రావడమూ కాదు. రాజుగారి మాయాదర్పణం ఆరిపోయింది. అంతే. నవ్వకండి పిల్లలూ, ఆ ఒక్కదానికి ఒక నిరపరాధి తల తెగబోయింది.

ఆ దర్పణం దర్బారు గోడకి బిగించి ఉండేది. ఏనుగంత వెడల్పు, చుట్టూ రాగి చట్రం. ఎదురుగా నిలబడి మంత్రదండం ఎత్తి చూపిస్తే చాలు, మేల్కొనేది. సముద్రాల అవతలి మల్లయుద్ధాలూ, నాట్యాలూ, ఎవరెవరి ఇళ్ళలోనో అత్తాకోడళ్ళ పోట్లాటలూ అన్నీ కళ్ళ ముందు ఆడేవి. దండం ఇటు తిప్పితే ఒక దేశం, అటు తిప్పితే ఇంకో దేశం. సుఖవర్మ మహారాజు దాని ముందు మెత్తటి పరుపుల ఆసనం వేయించుకుని కూర్చున్నాడు. కూర్చున్నవాడు మళ్ళీ లేస్తే ఒట్టు.

తిండి అక్కడే, నిద్ర అక్కడే. అరిసెలు తిన్న నూనె చేతులు ఆసనం అంచుకే తుడిచేవాడు. నమిలేసిన చెరుకు పిప్పీ, చీకేసిన ఎముకలూ పరుపుల సందుల్లోకి తోసేవాడు. రాజే అలా ఉంటే కొలువులోవాళ్ళు ఊరుకుంటారా? తాంబూలం నమిలి గోడ మీదే ఉమ్మేవారు. ఆ గుమ్మంలో అడుగు పెడితే కుళ్ళిన అరటితొక్కల వాసన గుప్పుమని మొహాన కొట్టేది. ఎలకలు సైతం అక్కడ నేల మీద నడవలేక, కాళ్ళు అంటుకుపోయి, స్తంభాల మీద తిరిగేవి.

ఒకరోజు పొద్దున్నే రాజు చెయ్యి చాపితే దండం తగల్లేదు. వెతికారు. వెతకడమంటే వంగి వెతకలేదులెండి, కూర్చున్నచోటి నుంచే మెడలు తిప్పి చూశారు. దొరకలేదు. దర్పణం నల్లగా ఉండిపోయింది. కింద మూలన మిణుగురంత ఎర్ర చుక్క ఒక్కటే వెలుగుతోంది. అంటే దర్పణం నిద్రపోతోందే గానీ చావలేదన్నమాట. ఆ నల్లటి అద్దంలో ఇప్పుడు కొలువే కనపడుతోంది. ఉబ్బిన పొట్టలు, పుసి కట్టిన కళ్ళు, గడ్డాల్లో మెతుకులు. తమని తాము చూసుకోవడం వాళ్ళ వల్ల కాలేదు.

"దొంగ ఎవడు?" అని రాజు గర్జించాడు, కూర్చునే.

దండాన్ని కాపాడవలసిన దండాధికారి చిత్రసేనుడు భయంతో నోటికొచ్చింది చెప్పాడు. "నిన్న కొలువులోకి వచ్చిన బయటివాడు ఒక్కడే ప్రభూ! చట్రానికి కళాయి పూసిన వీరాసామి."

"వాణ్ణి పట్టుకోండి. పున్నమి సాయంత్రం లోగా దర్పణం వెలగకపోతే తల తీసెయ్యండి."

వీరాసామికి ఒక్కతే కూతురు, పన్నెండేళ్ళ అంకాలు. తల్లి లేదు. ఊళ్ళో గిన్నెలూ గంగాళాలూ తండ్రితో పాటు తోమి కళాయి వెయ్యడం ఆ పిల్ల పని. కబురు తెలియగానే చెరసాలకి పరుగెత్తింది.

"నాన్నా, నిజం చెప్పు. దండం నువ్వు తీశావా?"

"దాన్ని నేను ముట్టుకుంటానా తల్లీ! నెయ్యీ ఉమ్మీ కలిసి జిగట జిగటగా ఉంటే చూసినప్పుడే ఆమడ దూరం జరిగాను."

"మరి తల ఎందుకు దించుకుంటావు?"

"నేను చేసిన తప్పు వేరే ఉంది. ఏ గిన్నె మన చేతికొచ్చినా ముందేం చేస్తాం?"

"బోర్లించి అడుగు చూస్తాం."

"ఆ చట్రానికి చూడలేదే అంకాలూ. అడుగున చెయ్యి పెట్టబోతే, 'కనపడేది తోము చాలు, కింద ఎవడు చూస్తాడు' అన్నాడు చిత్రసేనుడు. నాకూ ఆ కంపులో నిలబడ బుద్ధి కాలేదు. పైపైన పూసేసి బయటపడ్డాను. మీ తాత బతికుంటే నా మొహాన ఉమ్మేవాడు."

దర్పణం చేసిన శిల్పి విశ్వంభరయ్య అడవుల అవతల పొగకొండ మీద ఉంటాడని తాను విన్నట్టు వీరాసామి చెప్పాడు. ఇంకో దండం చెయ్యగలిగితే ఆయనే చెయ్యాలి. అప్పటికే రాజుగారి ముగ్గురు కొడుకులూ పట్టు రుమాళ్ళు ముక్కులకి కట్టుకుని బయల్దేరి, మూడో నాటికల్లా తిరిగొచ్చి, వేడినీళ్ళ స్నానాలు చేసి పడుకున్నారు. పున్నమికి ఇంకా పదిరోజులుంది. అంకాలు చింతపండు ముద్దా, బూడిద మూటా, కొబ్బరిపీచూ ఒక సంచిలో వేసుకుని నడక మొదలుపెట్టింది.

మొదటి అడవి చివర పెద్ద బురద. దానికి వంతెన లేదు, పడవ లేదు. మధ్యలో గుడిసెంత కప్ప ఒకటి కూర్చుని ఉంది. దాని వీపు మీద పచ్చటి జిగురు మూరెడు మందాన పేరుకుంది. అందులో చచ్చిన ఈగలు, బతికున్న జలగలు.

"దాటించమంటావా పిల్లా? దాటిస్తా. నా వీపు తోము."

"ఛీ!"

"రాకుమారులూ అదే అన్నారు. ఇక్కడి నుంచే వెనక్కి పోయారు. ఒకడు పోతూ పోతూ నా మీద అత్తరు చల్లాడు. అప్పటి నుంచీ ఇంకా ఎక్కువ కంపు కొడుతున్నాను."

అంకాలు తండ్రి మెడని తలుచుకుంది. పీచు తీసింది. "తిరుగు. కదిలావంటే ఊరుకోను."

జలగల్ని ఒక్కొక్కటీ పీకి విసిరేసింది. జిగురు చేతికి తీగలు తీగలుగా సాగింది, మోచేతి దాకా పాకింది. మధ్యలో ఆగి పొదల్లోకి పోయి వాంతి చేసుకుని వచ్చింది.

"ఒకటి," అని లెక్కపెట్టింది కప్ప.

"నోరు మూసుకో."

"రెండు," అంది కప్ప కాసేపటికి. మూడోది రాలేదు. బూడిద వేసి తోమాక కప్ప వీపు మామిడాకులా నిగనిగలాడింది. అది ఆనందంతో బెకబెకమని, అంకాలుని ఎక్కించుకుని నాలుగు గంతుల్లో బురద దాటించింది.

రెండో అడవిలో దారి ఒక కొండసందులోంచి పోతుంది. ఆ సందుకి అడ్డంగా పాచిదంతుడనే రాక్షసుడు పడుకుని ఉన్నాడు. వాడి పేరు వాడి నోరు చూసి పెట్టిందే. వాడు ఆవలిస్తే పక్క చెట్టు మీది కాకులు సొమ్మసిల్లి పడేవి.

"ఒసేయ్ బుడ్డదానా! నిన్ను నమిలి మింగేస్తా!"

అంకాలు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "మింగుదువు గానీ, ముందు ఆ నోరు కడుక్కుని రా. ఆ కంపులో చావడం నా వల్ల కాదు."

రాక్షసుడు నొచ్చుకున్నాడు. "కడుక్కోలేక కాదు. పన్ను సలుపుతోంది. నీళ్ళు తగిలితే ప్రాణం పోతోంది. ఏడాదయింది ఏదైనా నమిలి."

"ఏడాదిగా నమలనివాడివి నన్నెలా నములుతావు?"

"ఊరికే బెదిరించాను," అన్నాడు రాక్షసుడు చిన్నగా.

"నోరు తెరువు. పైవరస కాదయ్యా, పైవరస ఎవరైనా చూస్తారు. కిందివరస, లోపలి పక్క. అడుగు చూడకుండా మేం పని మొదలెట్టం."

చూసింది. చూసినందుకు తిట్టుకుంది. నల్లగా, బంకగా, ఏ జంతువుదో చెప్పలేని మాంసం ముద్ద కుళ్ళి, దాని నడుమ ఎముక ఒకటి చిగుళ్ళలో గుచ్చుకుని ఉంది. పురుగులు మెదులుతున్నాయి. అంకాలు కళ్ళు మూసుకుని భుజం దాకా చెయ్యి దూర్చి ఎముకని పట్టి లాగింది. కుండెడు చీము ఆమె మీద పడింది. ఆ వాసన సంగతి రాయను, మీరు అన్నం తినాలి కదా.

రాక్షసుడు కొండలు అదిరేలా ఏడ్చాడు. నొప్పితో కాదు, నొప్పి పోయినందుకు. "ఇంతమంది వచ్చారు తల్లీ. కత్తులు దూశారు, మంత్రాలు చదివారు. నోట్లోకి ఒక్కడూ తొంగి చూడలేదు. నువ్వు తిరిగొచ్చేటప్పుడు నా భుజం మీద ఊరు చేరుస్తాను."

పొగకొండ మీద విశ్వంభరయ్య కొలిమి ముందు కూర్చుని ఉన్నాడు. ముసలాయన. అంకాలు కథంతా విన్నాక మొహం చేదు తిన్నట్టు పెట్టాడు.

"ఇంకో దండమా? ఇప్పటికి పది రాజ్యాలకి పదేసి చేసిచ్చాను. అన్నీ పరుపుల కింద పెట్టుకుని, పోయిందో అని గోల. ఇక చెయ్యను."

"తాతా, మా నాన్న తల పోతుంది."

"దండం ఎందుకే పిచ్చిదానా? ఒకే తలుపు పెట్టి ఇల్లు కట్టే వెర్రివాడిలా ఉన్నానా నేను? చట్రం అడుగున, ఎర్ర చుక్కకి సరిగ్గా వెనక, కందిగింజంత బొడిపె ఉంది. ఐదు లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకో. మేలుకుంటుంది. మళ్ళీ అలాగే నొక్కు, నిద్రపోతుంది."

అంకాలు అలాగే కూలబడింది. "మా దర్బారు గోడకే ఉందా? నేను కప్పని తోమి, రాక్షసుడి పాచి గీకి, ఇంత దూరం వచ్చింది దానికోసమా!"

"నువ్వైనా వచ్చావు. వాళ్ళెవరైనా అడుగున చెయ్యి పెట్టారా? అక్కడేం పేరుకుందో ఊహించుకుంటేనే నాకు రోత పుడుతోంది."

పెడితే తన తండ్రే పెట్టాలి. పెట్టబోయి మానుకున్నాడు. ఆ మాట మింగేసి అంకాలు సంచి భుజాన వేసుకుంది.

పున్నమి నాటి మధ్యాహ్నానికి పాచిదంతుడు ఆమెని కోట గుమ్మం దగ్గర దించాడు. దించి ముక్కు ఎగబీల్చాడు. "ఏంటే ఈ కంపు! నా గుహే నయం," అని చెప్పి అడవివైపు పరుగు తీశాడు.

ఈ పదిరోజుల్లో దర్బారు ఇంకా పాడయింది. దర్పణం ఆరినా ఎవరూ లేవలేదు. ఎర్ర చుక్క వంకే చూస్తూ తింటున్నారు. అంకాలు చింతపండు తీద్దామనుకుంది గానీ తోమేంత వ్యవధి లేదు. బయట తలారి కత్తి నూరుతున్న చప్పుడు వినిపిస్తోంది. నేరుగా గోడ దగ్గరికి పోయి చట్రం అడుగుకి వేళ్ళు పోనిచ్చింది.

బూజు. బల్లిగుడ్ల పెంకులు. గోడ మీంచి కారి గడ్డకట్టిన తాంబూలం ఉమ్మి. దాని వెనక మెత్తగా, తడిగా, తగలగానే పక్కకి జరిగిందేదో. కప్ప వీపు ఎంత శుభ్రమో అనిపించింది ఆ క్షణాన. కప్పకి చేతులు అందక అలా ఉంది, వీళ్ళకేం వచ్చింది? గోళ్ళతో గీకింది. కందిగింజంత బొడిపె తగిలింది. నొక్కి ఐదు లెక్కపెట్టింది.

దర్పణం భళ్ళున వెలిగింది! ఇద్దరు మల్లులు కలబడుతున్నారు. కొలువంతా కేకలు వేసింది.

"మహారాజా, దర్పణం వెలిగింది. మా నాన్నని వదలమని చెప్పండి."

"ఉండవే, ఈ పట్టు చూడనీ."

"సాయంత్రం తల తీస్తారు మహారాజా!"

"రేపు చూద్దాం. అడ్డు లే."

అంకాలు ఒళ్ళు మండింది. రాక్షసుడి పురుగుల నోట్లో చెయ్యి పెట్టినప్పుడు కూడా ఇంత రోత పుట్టలేదు. చెయ్యి మళ్ళీ అడుగుకి పోనిచ్చి ఐదు లెక్కపెట్టింది. దర్పణం నల్లబడింది.

"ఏయ్! వెలిగించు!"

"మా నాన్న ఇక్కడ నిలబడ్డాక."

"చిత్రసేనా, అదేదో కింద నొక్కింది. నువ్వు నొక్కు!"

చిత్రసేనుడు రెండు వేళ్ళు పోనిచ్చాడు. మెత్తటిదేదో వాటిని నాకింది. అతడు ఓ అని డోక్కుంటూ స్తంభం వెనక్కి పోయాడు. రాకుమారులు ముగ్గురూ రుమాళ్ళు సవరించుకున్నారు. ఇంకెవరూ ముందుకు రాలేదు.

"దీన్ని కూడా పట్టుకోండి!" అని రాజు కోపంతో లేచాడు. ఎన్నాళ్ళకో లేచాడు. పరుపు గుడ్డ కూడా చర్రుమని ఆయనతోపాటే లేచింది. దాని మడతలోంచి ఏదో ఠంగున నేల మీద పడింది.

నెయ్యి, వెంట్రుకలు, చెరుకు పిప్పి చుట్టుకుపోయిన మంత్రదండం.

నల్లటి దర్పణంలో అందరికీ అంతా కనపడుతోంది. నిలబడ్డ రాజు, వెనక అంటుకున్న పరుపు, కాళ్ళ దగ్గర దండం.

"మీరు దాని మీదే కూర్చున్నారు మహారాజా," అంది అంకాలు. "మా నాన్న తీసిందేంటి?"

రాజు అద్దంలో తనని తాను చూసుకున్నాడు. పైనుంచి కిందిదాకా చూసుకున్నాడు. ఆయన మొహం మెల్లగా ముడుచుకుంది. "ఛీ," అన్నాడు. ఆ మాట ఆయన తనని తాను అనుకోవడం అదే మొదటిసారి. "వీరాసామిని తీసుకురండి. పరుగెత్తండి!"

తండ్రి రాగానే అంకాలు ఆయన మెడ పట్టుకుని ఏడ్చింది. ఆమె ఒంటి వాసనకి వీరాసామి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా వదల్లేదు.

"ఏం కావాలో కోరుకో," అన్నాడు రాజు. "సగం రాజ్యం ఇస్తాను. పెద్దయ్యాక నా కొడుకుల్లో ఒకణ్ణి చేసుకో."

"ముందు వాళ్ళని ముక్కు మీది రుమాళ్ళు తియ్యమనండి, అప్పుడు చూద్దాం. నాకు ఈ దర్పణం మీద అధికారం ఇవ్వండి. సాయంత్రం ఒక్క గడియ వెలిగిస్తాను. అదీ, ఎవరు పోసిన చెత్త వాళ్ళు ఎత్తాక."

ఇచ్చాడు. కొలువు కడగడానికి పదకొండు రోజులు పట్టింది. చట్రం అడుగు మాత్రం వీరాసామి ఎవరికీ వదల్లేదు. తనే వెల్లకిలా పడుకుని, బొడిపె మెరిసేదాకా తోముకున్నాడు. చిన్న రాకుమారుడు మూడోరోజున రుమాలు విప్పి పక్కన పెట్టాడు. ఆ సంగతి అంకాలు చూసింది.

దండం కడిగే పని రాజుగారికే పడింది. పెరట్లో పీట వేసుకుని, చింతపండూ బూడిదా పెట్టుకుని, పైవైపు తెల్లగా తోమి గర్వంగా ఎత్తి చూపించాడు.

అంకాలు నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. "తిరగెయ్యండి మహారాజా. అడుగు చూడండి."