సూర్యప్రభమ్మ వంటిల్లు

దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీలోని ఆ మేడ చూడ్డానికి వచ్చినవాళ్లు వంటింటి దాకా వెళ్లి, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పారిపోయేవారట. అది కట్టించిన సూర్యప్రభమ్మ పోయి ఏడాదైంది. బతికుండగా కోడలిని కూడా వంటింట్లో అడుగు పెట్టనివ్వని మనిషి, చచ్చాక మాత్రం ఊరుకుంటుందా?

రాష్ట్రం విడిపోయేలా ఉందని కొడుకు శ్రీరామమూర్తి ఇల్లు అమ్మకానికి పెట్టి గుంటూరుకు సామాను సర్దేశాడు. పోయిన తల్లి మాత్రం కదలనంటోందని గల్లీ అంతా గుసగుస.

దశరథకు ఆ ఇల్లు కావాలి. నల్గొండ నుంచి వచ్చి, ఎల్బీ నగర్‌లో లారీ నడుపుకుంటూ, కిరాయి ఇళ్లు మారీ మారీ విసిగిపోయాడు. రేపే మాట ఖాయం చేసుకోవాలి. దెయ్యం సంగతి భార్య అండాలమ్మ చెవిన పడితే గడప తొక్కదని అతని భయం. అందుకే ఒక్కడే వెళ్లి చూసి రావాలనుకున్నాడు.

సకల జనుల సమ్మె రోజులు. బొగ్గు లేదు, కరెంటు లేదు. పొద్దుగూకేసరికి గల్లీ అంతా చీకటి. గేటు దగ్గర జేబు తడుముకున్నాడు — మూర్తిగారు ఇచ్చిన తాళంచెవి లేదు. ఉన్నది అదొక్కటే.

తలుపు మాత్రం... తెరిచే ఉంది.

లోపల పొగ. పాలు కాగుతున్న వాసన. వంటింటి గోడ మీద ఎర్రటి వెలుగు కదులుతోంది. గట్టు ముందు, ఇటు వీపు పెట్టి, కొంగు నెత్తిన కప్పుకున్న ఆడమనిషి...

ఉద్యమంలో బస్సులకు అడ్డం పడుకున్న దశరథ తలుపు రెక్క వెనక నక్కాడు.

"ఎ... ఎవరూ?"

ఆమె తల తిప్పలేదు.

"అరవకు. పాలు పొంగుతున్నయ్."

అండాలమ్మ! ఉద్యమకారులు రోడ్డు మీద పెట్టిన వంటావార్పు నుంచి ఎత్తుకొచ్చిన మూడు ఇటుకలు, పుల్లల మంట, మీద తన గిన్నె.

"పిచ్చా నీకు? ఇల్లింక మనది కాలే!"

"ఇంకెవ్వలన్న ముందుగాల పొంగిస్తే వాళ్లదైతది. అందుకే నీ జేబుల తాళంచెవి తీసిన."

పాలు పొంగి గట్టంతా కారాయి. ఎవరైనా చూస్తారని అన్నీ అక్కడే వదిలేసి, తాళం వేసి ఇద్దరూ ఒకటే పరుగు. ఓస్, దెయ్యం లేదు గియ్యం లేదని దశరథ ఆ రాత్రి హాయిగా గుర్రుపెట్టాడు, తాళంచెవి తలగడ కింద పెట్టుకుని.

తెల్లారి మొగుడూపెళ్లాలిద్దరూ మూర్తిగారితో కలిసి తలుపు తీశారు.

గట్టు అద్దంలా ఉంది. ఇటుకలు మూలకు చేరాయి. గిన్నె తోమి బోర్లించి ఉంది. పక్కన ముగ్గు... ఇంకా తడి ఆరలేదు.

మూర్తిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఏమీ అనుకోకండి దశరథ గారూ... మా అమ్మ అంతేనండి. గట్టు మీద మరకుంటే నిద్రపోదు."

పోయింది ఇల్లు, అనుకున్నాడు దశరథ. ఏడుపొక్కటే తక్కువ. బిక్కుబిక్కుమంటూ భార్య వైపు చూశాడు.

అండాలమ్మ గిన్నె తిప్పి అడుగు చూసింది. మసి జాడ లేదు. పెళ్లైన నాటి నుంచి ఆ గిన్నె అంతగా మెరవడం ఆమె ఎరగదు.

మెల్లగా వచ్చి మొగుడి చెవిలో అంది:

"జల్ది ఖాయం చెయ్. ఆమె గూడ గుంటూరు పోతనంటదేమో!"