ఆరు దొంగ వానలు

ఆట ముగియడానికి అర నిమిషం ఉందనగా అవతలి జట్టు గోల్ కొట్టి స్కోరు సమం చేసింది. హార్క్‌లీ ఫుట్‌బాల్ మైదానంలో, సొంత జట్టు అభిమానులు నిలబడే తూర్పు గట్టు మీద, ఆరు వందల నోళ్ళు ఒక్కసారిగా మూతపడ్డాయి.

ఆ నిశ్శబ్దంలో ఒకే ఒక్క గొంతు వినిపించింది.

"భేష్!"

అన్నవాడి పేరు ఎల్లిస్ బూత్రాయిడ్. వయసు ఇరవై ఏడు. అన్న మరుక్షణమే తప్పు తెలిసొచ్చింది. యార్క్‌షైర్‌లో చర్చిలో ఈల వేసినవాణ్ణి క్షమిస్తారు. సొంత గట్టు మీద నిలబడి ఎదుటివాళ్ళ గోల్‌ని మెచ్చుకున్నవాణ్ణి క్షమించరు.

ఆరు వందల తలలు అతని వైపు తిరిగాయి. ఎవరూ కొట్టలేదు. కానీ వెనకున్న చిప్స్ గుడిసె కౌంటర్ మీంచి గరిటెడు వేడి గ్రేవీ వచ్చి అతని ఎడమ బూటు మీదా, చేతిలో తెరిచి ఉన్న నోటు పుస్తకం మీదా పడింది.

"అయ్యో, చెయ్యి జారింది," అంది కౌంటర్ వెనక అమ్మాయి. గరిటె మాత్రం ఆమె చేతిలో నిటారుగా ఉంది.

"జారలేదు. నేను చూశాను."

"చూసినవాడివి తప్పుకోవాలిగా?"

ఆమె కళ్ళు బూడిద రంగులో ఉన్నాయి. తప్పుకోకపోవడానికి అదొక కారణమని అతనికి అప్పటికి తెలీదు.

"ఎవరు పంపారు నిన్ను? గూఢచారివా?"

"కౌన్సిల్ ఉద్యోగిని. డ్రైనేజీ విభాగం. ఊళ్ళో రోజూ ఎంత వాన పడిందో కొలిచి రాస్తాను."

"వాన కొలిచేవాడికి మా జట్టు చస్తే ఏంటి అంత సంబరం?"

"నాదొక పద్ధతి ఉంది. పరీక్షిస్తున్నాను," అన్నాడు పుస్తకం తుడుచుకుంటూ. "అందరూ ఫలానా జట్టు గెలుస్తుందని పందెం కాస్తారు. నేను గెలవదని కాస్తాను. దాన్ని 'లే' అంటారు. జట్టు ఓడితే నాది. డ్రా అయినా నాదే. గెలిస్తేనే నాకు పోతుంది. అప్పుడు మాత్రం వచ్చేదానికంటే ఎక్కువ పోతుంది."

"ఇవాళ ఎంత కాశావ్?"

"ఏమీ కాయలేదు. ఇంకా కాగితం మీదే, డబ్బుకి బదులు పాయింట్లు. దేశం మొత్తంలో, జనం అతిగా నమ్మే జట్టు సొంతగడ్డ మీద ఆడే మ్యాచ్‌లన్నీ నా జాబితాలోకి వస్తాయి. మూడు వందలు రాశాక లాభం తేలితే పద్ధతి మంచిదన్నట్టు."

"మా జట్టునా జనం అతిగా నమ్మేది?"

"ఈ ఊళ్ళో అందరూ మనసుతో పందెం కాస్తారు. అందుకే హార్క్‌లీ ప్రతిసారీ జాబితాలోకి వస్తుంది."

"అంటే జేబులోంచి ఒక్క పెన్నీ తియ్యకుండా మా ఏడుపు చూసి సంతోషించావన్నమాట. పైగా నిలబడింది మా గట్టు మీద. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే."

"నేనింకా ఇక్కడేమీ తినలేదు."

ఆమె ఒక పొట్లం నిండా వేడి బంగాళాదుంప చిప్స్ పోసి అతని ముందు పెట్టింది. డబ్బు తీసుకుంది.

"ఇప్పుడు తిన్నావు," అంది.

*

ఆమె పేరు హెటీ సగ్డెన్. గేటు దగ్గర ఇనప చక్రం తిప్పి జనాన్ని ఒక్కొక్కరినే లోపలికి వదిలే వాల్టర్ సగ్డెన్ మనవరాలు. ఈ వివరాలు ఎల్లిస్ పదిహేను రోజుల తర్వాత, తర్వాతి సొంతగడ్డ మ్యాచ్ నాడు సేకరించాడు. ఫలితం కోసమే వచ్చానని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ ఫలితం ఇంట్లో కూచుని ఫోన్‌లో చూడొచ్చన్న సంగతి అతనికి తట్టలేదు.

ఆ రోజే ఇంకో వివరం కూడా దొరికింది. అది అతన్ని నెలల తరబడి బాధపెట్టింది.

యార్క్‌షైర్‌లో 'లవ్' అన్న మాట మహా చవక. బస్సు డ్రైవర్ టికెట్ ఇస్తూ లవ్ అంటాడు. పన్ను పీకే డాక్టరమ్మ పీకేముందు లవ్ అంటుంది. హెటీ కూడా కౌంటర్ దగ్గరికి వచ్చిన ప్రతి ప్రాణినీ అలాగే పిలిచేది.

"సాస్ కావాలా, లవ్?"

"చిల్లర లేదు, లవ్. తర్వాత ఇద్దువుగానిలే."

రిఫరీని కూడా వదిలేది కాదు. "కళ్ళజోడు ఎక్కడ పెట్టి మర్చిపోయావ్, లవ్?"

ఎల్లిస్ వంతు వచ్చేసరికి ఆమె గొంతు మారిపోయేది.

"బూత్రాయిడ్. ఏం కావాలో చెప్పు, అవతల క్యూ ఉంది."

అతను గంటసేపు లెక్కపెట్టాడు. మొత్తం లవ్‌లు అరవై ఒకటి. తనకు వచ్చినవి సున్నా. ఇది కాకతాళీయం కాదని లెక్కలు తెలిసినవాడెవడైనా ఒప్పుకుంటాడు. ఆమెకు తనంటే బొత్తిగా గిట్టదు.

నోటు పుస్తకం చివరి పేజీలో ఆ లెక్క రాసుకున్నాడు: 'లవ్. అందరికీ అరవై ఒకటి. నాకు సున్నా.' కింద గీత గీశాడు.

*

పందెం అక్టోబరులో కుదిరింది. పెట్టింది హెటీ.

"నీ పరీక్షకి నియమాలేంటో చెప్పు."

"రెండే. మనసు పెట్టకూడదు. జాబితాలోకి వచ్చిన ఏ మ్యాచ్‌నీ వదలకూడదు. ఒక్కటి వదిలినా పరీక్ష చెల్లదు."

"వానొచ్చి మ్యాచ్ రద్దయితే?"

"అదొక్కటే మినహాయింపు. అది లెక్కలోకి రాదు."

"సరే విను. మూడు వందలూ పూర్తయి లాభం వచ్చిందా, ఆదివారం మా ఇంటికి భోజనానికి రా. తాత బీఫ్ రోస్ట్ చేస్తాడు. ఆయనకి బయటివాళ్ళంటే పడదు, నేను ఒప్పిస్తా."

"నష్టం వస్తే?"

"వచ్చే సీజన్ నుంచి నీ చోటు పడమటి గట్టు. ఎదుటి జట్టు వాళ్ళతో నిలబడు. క్లెగ్ చేతి టీ తాగు. ఈ కౌంటర్ ఛాయలకి రాకు."

ఎల్లిస్ మైదానం అవతలికి చూశాడు. అక్కడ టీ అమ్మే క్లెగ్ తన కెటిల్ కడిగి పదకొండేళ్ళయిందని ఊళ్ళో చెప్పుకునేవారు. కానీ అతన్ని భయపెట్టింది టీ కాదు. ఆ గట్టుకీ ఈ కౌంటర్‌కీ మధ్య నూట పది గజాల దూరం ఉంది.

"లెక్క ఎవరు చూస్తారు?"

"నేనే. ఆఖరి మ్యాచ్ రోజున. అప్పటిదాకా నీ పుస్తకం ముట్టుకోను."

"అసలు నీకెందుకు ఈ పందెం?"

"నోరు మూసుకుని ఒప్పుకో, బూత్రాయిడ్. క్యూ ఉంది."

వెనక్కి తిరిగి చూస్తే క్యూలో ఎవరూ లేరు. ఎల్లిస్ ఆ సంగతి గమనించాడు గానీ ఏ గడిలో రాసుకోవాలో తెలీక వదిలేశాడు.

*

జనవరి పధ్నాలుగున నిజమైన వాన వచ్చింది.

హార్క్‌లీలో వాన పైనుంచి పడదు, పక్కనుంచి వస్తుంది. రిఫరీ మైదానం మధ్యలోకి వెళ్ళి బంతిని కింద పడేశాడు. బంతి ఎగరలేదు. తేలింది. మ్యాచ్ రద్దయింది. జనం ఇళ్ళకి పోయారు. రేకుల కప్పు కింద ఎల్లిస్, హెటీ, అమ్ముడుపోని చిప్స్ మిగిలారు.

వాన చాలాసేపు కురిసింది. హెటీ జుట్టు తడిసి చెంపకి అంటుకుంది. రేకు మీంచి కారే చుక్క ఒకటి సరిగ్గా ఎల్లిస్ మెడ మీద పడుతోంది. అతను పక్కకి జరగలేదు. జరిగితే ఆమెకి దూరమవుతాడు.

"ఎంత పడుతోందంటావ్?" అంది హెటీ.

"గంటకి తొమ్మిది మిల్లీమీటర్లు."

"వానలో ఆడపిల్ల పక్కన నిలబడి చెప్పే మాటేనా అది?"

ఎల్లిస్ ఆలోచించాడు. "తొమ్మిదిన్నర," అని దిద్దుకున్నాడు.

హెటీ నవ్వింది. వెంటనే ఆపేసింది.

"మా వాళ్ళు ఓడితే తాత ఏం చేస్తాడో తెలుసా? ఇంటికొచ్చి కోటైనా విప్పకుండా కుర్చీలో కూలబడతాడు. పలకరిస్తే పలకడు. గెలిచిన రోజు గిన్నెలు తోముతూ పాడతాడు. ఎంత దరిద్రంగా పాడతాడంటే పక్కింటి కుక్క బయటికెళ్ళిపోతుంది. ఈ సీజన్‌లో మూడుసార్లే పాడాడు."

ఆ మూడుసార్లూ ఎల్లిస్‌కి తెలుసు. తేదీలతో సహా తెలుసు. తన పుస్తకంలో ఎర్ర సిరాతో, నష్టం గడిలో ఉన్నాయి.

"నువ్వు ఎప్పుడైనా మా వాళ్ళు ఓడాలని గట్టిగా కోరుకున్నావా, బూత్రాయిడ్?"

"కోరుకోవడం పద్ధతిలో లేదు."

"లేదులే," అంది ఆమె. చల్లారిన చిప్స్ అతని వైపు తోసింది. డబ్బు అడగలేదు.

ఇంటికెళ్ళి పుస్తకం తెరిచి, హార్క్‌లీ పేరు పక్కన 'వాన. రద్దు.' అని రాశాడు. లాభమూ లేదు, నష్టమూ లేదు. ఆ గడి వైపు చాలాసేపు చూశాడు. ఆ పేరు పక్కన ఏదైనా రాసేటప్పుడు చెయ్యి బరువెక్కకపోవడం ఈమధ్య అదే మొదటిసారి.

*

ఏప్రిల్ ఇరవై రెండు. సీజన్‌లో హార్క్‌లీకి ఆఖరి మ్యాచ్. ఆట మొదలవడానికి ఇంకా ముప్పావుగంట ఉంది.

ఎల్లిస్ పుస్తకాన్ని కౌంటర్ మీద పెట్టాడు. మొదటి పేజీ మీద గ్రేవీ మరక గోధుమ రంగుకి తిరిగింది.

"నిన్నటితో మూడు వందలు పూర్తయ్యాయి. రెండు పాయింట్ల నష్టం. నువ్వే గెలిచావు," అన్నాడు. "నేను పడమటి గట్టుకి పోతున్నాను. మంచి చోటు చూసుకోవాలి."

"ఆగు. లెక్క చూస్తానన్నాను కదా."

"చూడక్కర్లేదు. కూడికలు సరిగ్గానే ఉన్నాయి."

"ఆగమన్నాను."

హెటీ పేజీలు తిప్పసాగింది. కౌంటర్ ముందు క్యూ పెరిగింది. గేటు పని వేరేవాళ్ళకి అప్పగించి వాల్టర్ కూడా టీ కోసం వచ్చాడు. ఆమె ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. ఆ గుడిసె చరిత్రలో అలాంటిది జరగలేదు.

"జనవరి పధ్నాలుగు. వాన, రద్దు. నిజమే, ఇద్దరం తడిశాం." పేజీ తిప్పింది. "జనవరి ఇరవై ఎనిమిది. వాన, రద్దు."

తలెత్తి చూసింది.

"ఆ రోజు నాలుగు గోల్స్‌తో ఓడాం, బూత్రాయిడ్. నువ్వు నా ఎదురుగా నిలబడి మూడు పొట్లాలు తిన్నావ్."

హెటీ మళ్ళీ పేజీ తిప్పింది.

"ఫిబ్రవరి పదకొండు, వాన. ఇరవై ఐదు, వాన. మార్చిలో రెండు వానలు. ఏప్రిల్ ఎనిమిది, వాన. తాతా, ఏప్రిల్ ఎనిమిదిన వాన పడిందా?"

"వానా? ఎండకి నా ముక్కు కమిలిపోయిందమ్మాయ్. వారం రోజులు పొట్టు లేచింది."

"విన్నావా? ఏడు వానలు రాశావు. ఒకటే నిజం. ఆరు దొంగ వానలు. అవన్నీ మా జట్టు ఇక్కడ ఆడిన మ్యాచ్‌లే. నీ ఉద్యోగమే వాన కొలవడం కదా! ఎర్రటి ఎండలో వాన రాయడానికి చెయ్యి ఎలా వచ్చింది?"

"హార్క్‌లీ గెలవదు అని రాద్దామని పెన్ను పెట్టేవాణ్ణి," అన్నాడు ఎల్లిస్. "కదిలేది కాదు."

"పెన్ను పాడైందా?"

"పెన్ను బాగానే ఉంది."

క్యూలో ఎవరో దగ్గారు. హెటీ చిప్స్ కాగితం చింపి దాని మీద గబగబా అంకెలు వేసింది.

"ఆ ఆరింట్లో మావాళ్ళు గెలిచింది ఒక్కటే. మిగతా అయిదూ నీవే. అవి కలిపితే నీ రెండు పాయింట్ల నష్టం పోయి ఒకటిన్నర లాభం తేలుతోంది. మొద్దూ! రాసి ఉంటే గెలిచేవాడివి. ఆదివారం భోజనం నీదయ్యేది."

"తెలుసు. కానీ మూడు వందల ఆరు మ్యాచ్‌ల మీద ఒకటిన్నర కూడా ఒక లాభమేనా? గాలిలో దీపం. ఇంకో వారం ఆడితే ఆరిపోతుంది. ఈ పద్ధతి పనికిరాదు."

"పనికిరాదని ఎప్పుడు తెలిసింది?"

"నవంబరులో."

"మరి ఏప్రిల్ దాకా ఎందుకొచ్చావ్?"

ఈసారి దగ్గిన మనిషిని పక్కవాడు మోచేత్తో పొడిచి ఊరుకోమన్నాడు. ఎల్లిస్ తన ఎడమ బూటు వైపు చూసుకున్నాడు.

"చిప్స్ బాగుంటాయి," అన్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఏదేమైనా మ్యాచ్‌లు వదిలాను కాబట్టి పరీక్ష చెల్లదు. పందెమూ చెల్లదు. నీకు నేనంటే గిట్టదని తెలుసు కాబట్టి..."

"ఎవరు చెప్పారు?"

"లెక్క ఉంది. చివరి పేజీ."

హెటీ చివరి పేజీ తిప్పింది. 'లవ్. అందరికీ అరవై ఒకటి. నాకు సున్నా.' కింద గీత. ఆమె ఆ పేజీని చాలాసేపు చదివింది, అక్కడ రాసి ఉన్నది ఒక్క వరుసే అయినా.

అంతవరకూ టీ కోసం చూస్తున్న వాల్టర్ గొంతు సవరించుకున్నాడు.

"ఒరే అబ్బాయ్. వాన వల్ల రద్దయిన మ్యాచ్‌ని తర్వాత ఏం చేస్తారు?"

"మళ్ళీ ఆడిస్తారండీ."

"ఎక్కడ?"

"ఎక్కడ ఆడాల్సిందో అక్కడే. సొంతగడ్డ మీద."

"మరింకేం. మిల్ లేన్‌లో పన్నెండో నంబరు ఇల్లు. ఆదివారం ఒంటిగంటకి. ఆలస్యమైతే రోస్ట్ పక్కన పెట్టే పొంగిన పుడ్డింగ్ కుంగిపోతుంది, నాకు కోపం వస్తుంది." వాల్టర్ వేళ్ళు మడిచి చూసుకున్నాడు. "నువ్వు ఆరు రద్దు చేశావు కాబట్టి ఆరు ఆదివారాలు. ఆ తర్వాత సంగతి మీ ఇద్దరూ చూసుకోండి. ఇప్పుడెవరైనా నాకింత టీ పోస్తారా?"

హెటీ టీ పోసింది. తర్వాత ఒక పొట్లం తీసి చిప్స్ నింపింది. గరిటె చేతిలోకి తీసుకుని, అతని వైపు చూడకుండా అడిగింది.

"గ్రేవీ కావాలా, లవ్?"

క్యూ మొత్తం మెడలు చాచింది. రోజుకి రెండు వందలసార్లు వినే మాటే. అది అలా పలుకుతుందని అక్కడ ఎవరికీ తెలీదు.

"అది..." అన్నాడు ఎల్లిస్ జాగ్రత్తగా, "అందరితో అనేదేనా?"

"అందరితో అనేది అందరితోనే అన్నాను కదా, ఇన్ని నెలలూ. నీతో ఎందుకు అనలేకపోయానో నువ్వే లెక్క వేసుకో. లెక్కలొచ్చుగా?"

ఎల్లిస్ లెక్క వేసుకున్నాడు. ఈసారి కాగితం అవసరం లేకపోయింది.

"కావాలి," అన్నాడు.

గ్రేవీ పొట్లంలోనే పడింది. అంచులు దాటి కారేంత పడింది. చెయ్యి జారిందని ఆమె అనలేదు.