మెట్ల మీద మనిషి బొమ్మ

“మేడమ్, మీ బాత్రూం పైపు నా దూలం కడుపులోంచి పోతాండాది.”

హలో లేదు, పేరు లేదు. ధర్మవరం నుంచి వచ్చిన ఆ ఫోనుకి హిందూపురంలో కూర్చున్న మహేశ్వరికి ఒళ్ళు మండింది.

“మీ దూలమే నా పైపుకి అడ్డమొచ్చిందేమో! ఇంతకీ ఎవరు మీరు?”

“దూలం తాలూకా మనిషిని. శివకృష్ణ, స్ట్రక్చరల్ ఇంజనీర్.”

మహేశ్వరి ఆర్కిటెక్ట్. పెనుకొండలో కట్టబోయేది సాక్షాత్తూ ఆమె నాయన రంగప్ప ఇల్లు. ఆమె గీసిన మొదటి ఇల్లు కూడా అదే. రంగప్పకేమో ఇల్లంటే భయం. గుడిబండలో పాత ఇల్లు కట్టినప్పుడు గోడ లేచాక కిటికీ గుర్తొచ్చింది, టైల్స్ వేశాక పైపు గుర్తొచ్చింది. కట్టినదానికంటే పగలగొట్టిందే ఎక్కువ. అందుకే కూతురికి ముందే చెప్పేశాడు.

“ఒక్క గోడ పడగొట్టినా నీ కంప్యూటర్ మూసేయల్ల. పని కుళ్ళాయప్ప మేస్త్రీకి ఇచ్చేస్తా. హిందూపురంలో సొంత ఆఫీసన్న మాట మళ్ళీ ఎత్తకూడదు.”

ఆ సొంత ఆఫీసు కోసమే మహేశ్వరి బిమ్ పట్టుకుంది. అంటే పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. ఇటుక పేర్చకముందే ఇల్లంతా కంప్యూటర్‌లో కట్టేస్తారు. గోడలు ఆమెవి, దూలాలు అతనివి, మోడల్ మాత్రం ఒక్కటే. ఈమె హిందూపురంలో గోడ జరిపితే అతనికి ధర్మవరంలో కనిపిస్తుంది. ఎవరికివారు వేరే కాగితం మీద గీసుకుంటే ఆ పైపూ ఆ దూలమూ కలుసుకునేది సిమెంటు పడ్డాకే.

“సరే, పైపు జరుపుతా. అట్లని గెలిచినామనుకోవద్దు!”

“నేను దూలం కొంచెం తగ్గిస్తాలేండి. నేనూ ఓడిపోతా, సరిపాయె.”

ఆమెకి నవ్వొచ్చింది. వినపడకూడదని ఫోన్ పెట్టేసింది.

మట్టి పరీక్ష రోజు పెనుకొండలో ఇద్దరూ మొదటిసారి కలిశారు. కలవగానే వాన. రేకుల షెడ్డు కింద గళ్ళచొక్కాతో తడిసి ముద్దయి నిలబడ్డాడతను. ఫోన్లో అంత పొగరుగా మాట్లాడినవాడు ఎదురుగా నోరు విప్పడే!

“ఏమబ్బా, మాటలన్నీ ధర్మవరంలోనే పెట్టేసి వచ్చినారా?”

“లేదు మేడమ్. తడిసినాయి. ఆరినంక చెప్తా.”

ఆరాక కూడా నోటితో చెప్పలేదు. మోడల్‌లో చెప్పాడు.

గదులు మనిషికి సరిపోతాయో లేదో తెలియడానికి ఆర్కిటెక్టులు మోడల్‌లో మనిషి బొమ్మలు పెడతారు. మహేశ్వరి తన ఎత్తున చీర కట్టుకున్న బొమ్మను బాల్కనీలో పెట్టింది. తెల్లారేసరికి దాని పక్కన గళ్ళచొక్కా బొమ్మ ఒకటి వెలిసింది. ఆమె దాన్ని తీసుకెళ్ళి నీళ్ళ సంపులో పడేసింది.

మర్నాడు అది గేటు దగ్గర నిలబడి ఉంది. కింద ఒక కామెంట్: ‘నీళ్ళు చల్లగా ఉండాయి. థాంక్స్.’

మిద్దె మీద ఎండలో నిలబెట్టింది. మళ్ళీ వచ్చేశాడు. చివరికి ఆమె తన బొమ్మను బాల్కనీ నుంచి మెట్ల మీదికి మారిస్తే, తెల్లారేసరికి అక్కడా పక్కనే తయారయ్యాడు. ఈసారి మాత్రం ఆమె జరపలేదు.

ముగ్గు పోసి పునాదులు తవ్వేముందు, పెనుకొండలో రంగప్ప ఉంటున్న అద్దె ఇంట్లో టీవీకి ల్యాప్‌టాప్ తగిలించి ఇల్లంతా తిప్పి చూపించారు. శివకృష్ణ కూడా వచ్చాడు. బొమ్మలు తీసేయాలనుకుంటూనే మహేశ్వరి మర్చిపోయింది. మర్చిపోయిందో, చెయ్యి రాలేదో!

హాలు, వంటిల్లు, మెట్లు. చీర బొమ్మ దర్జాగా ఎక్కుతోంది. పక్కన గళ్ళచొక్కా, మెడ, ఆపైన దూలం.

“అయ్యో, ఆ పిల్లోని తల యాడికి పాయె?” అంది టీవీ ముందు కూర్చున్న రంగప్ప తల్లి, పుట్టమ్మ అవ్వ.

మహేశ్వరికి అప్పుడు కనపడింది. దూలం మెట్టుకి తగిలుంటే కంప్యూటరే అరిచేది. తగల్లేదు కాబట్టి ఊరుకుంది. మధ్యలో మనిషి పట్టడన్న సంగతి దానికెవరూ చెప్పలేదు. పైనుంచి ప్లాన్‌లో చూస్తూ బొమ్మను పెట్టినవాడికీ కనపడలేదు. రంగప్ప కళ్ళు చిన్నవయ్యాయి.

“తప్పు నాది సార్, దూలం నాది,” అన్నాడు శివకృష్ణ.

“కాదు నాయనా, నాదే. నా ఎత్తుకే చూసుకున్న్యా.”

“మీరుండండి మేడమ్!”

“నువ్వుండు!”

కూతురి నోట్లో ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయిందని రంగప్ప గమనించాడు. పైకి మాత్రం, “కొట్లాట తర్వాత. దిద్దల్లంటే ఏమి చేయల్ల?” అన్నాడు.

ఇద్దరూ ఒక్క ల్యాప్‌టాప్ మీదికే వంగారు. ఆమె మెట్లు తిప్పింది. అతను దూలం లోతు తగ్గించి వెడల్పు పెంచి, లెక్క సరిచూశాడు. ప్లానూ, ముందు గోడా, ఇనుము కొలతలూ వాటంతటవే మారిపోయాయి. రంగప్ప కాఫీ చల్లారేలోగా టీవీలో గళ్ళచొక్కాకి తల మొలిచింది.

“గుడిబండలో అయితే ఈపాటికి సమ్మెట తెచ్చేవాళ్ళు,” అన్నాడు రంగప్ప. “బాగుండాది. రేపే ముగ్గు పోయిద్దాం. ఆఫీసుకి నువ్వు రూము చూసుకో పాప్పా.”

మహేశ్వరికి ఏడుపొచ్చేంత సంతోషమేసింది.

“ఇంక ఆ బొమ్మలు తీసెయ్. ఇల్లు సాలు,” అన్నాడు నాయన.

ఆమె చీర బొమ్మను తీసేసింది. గళ్ళచొక్కా మీద బాణం పెట్టింది. నొక్కలేదు. శివకృష్ణ నేల చూస్తున్నాడు.

“తియ్యి మరి!”

“ఉండనీ నాయనా,” అంది మెల్లగా. “నాకు కావల్ల.”

అవ్వ ముసిముసిగా నవ్వింది. రంగప్ప కూతుర్ని చూశాడు, ఎర్రబడ్డ ఇంజనీరునీ చూశాడు.

“ఏమప్పా, మీ ఇంట్లో ఈ సంగతి తెలుసునా?”

“దూలం సంగతా సార్?”

“దూలం కాదప్పా! మా పాప సంగతి!”

“తెలీదు సార్. చెప్పేదానికి ఇప్పుడే ధైర్యమొచ్చింది.”

“అయితే ఆదివారం మీ నాయన్నీ అమ్మనీ పిలుచుకోని రా. మాట్లాడదాం,” అని రంగప్ప రిమోట్ అందుకున్నాడు. “ముందా టీవీలో నీ బొమ్మ పక్కన మా పాపని మళ్ళీ పెట్టు. ఒంటరోడివి, చూడలేకపోతాండా.”